ఏడు అక్షరాల కీర్తనకు నాలుగు లెక్కల లైట్లు: ఒక టైమింగ్ ట్రాక్ కేస్ స్టడీ

నేపథ్యం

పాలకొల్లు, నరసాపురం మధ్య కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక ఊరి చర్చి ఇది. ఊరి పేరూ పాటల పేర్లూ ఇక్కడ రాయడం లేదు. డిసెంబరు నడిమి నుంచి జనవరి 1 దాకా రోజూ చీకటి పడ్డాక మూడు పాటలకు లైట్ షో నడుస్తుంది. మూడూ ఆ చర్చి క్వయరు సొంతంగా పాడి రికార్డు చేసుకున్నవే, కాబట్టి హక్కుల గొడవ లేదు.

సామాను: ముఖద్వారం అంచుల వెంబడి 400 పిక్సెళ్ళు (ఒక్కోదాన్నీ విడిగా వెలిగించగలిగే చిన్న బల్బులు), దారి మీద 6 ఆర్చీలకు ఒక్కోదానికి 50, గంటగోపురం మీది స్టారుకు 150, కాలువ పక్కనున్న 8 కొబ్బరి చెట్లకు చెట్టుకు 100, పాటకు తగ్గట్టు నోరు కదిపే లైట్ల బొమ్మలు, అంటే పాడే ముఖాలు, రెండింటికి చెరో 150. మొత్తం 1,950. అన్నీ 12 వోల్టుల డబ్ల్యూఎస్2811 బుల్లెట్ పిక్సెళ్ళే. సీక్వెన్సు, అంటే ఏ లైటు ఎప్పుడు వెలగాలో చెప్పే ఫైలు, ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారై, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద ఫాల్కన్ ప్లేయర్‌లో ఆడుతుంది. లైటింగ్ కాంట్రాక్టరు వేసిన రన్నింగ్ సీరియల్ సెట్లు కూడా ఉన్నాయి గానీ, వాటి కంట్రోలరు వాటిదే. పాటతో కలిపే దారి లేదు కనుక వాటిని ఆగకుండా వెలిగే మోడ్‌లో పెట్టి ప్రహరీకి పరిమితం చేశాం.

టైమింగ్ ట్రాక్ అంటే ఎక్స్‌లైట్స్‌లో పాట తరంగం కింద కనిపించే నిలువు గీతల వరస. ఏ ఎఫెక్టు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ఆ గీతలను బట్టే వేస్తాం. గీత తప్పుచోట పడితే ఎంత ఖరీదైన పిక్సెలైనా తప్పు సమయంలోనే వెలుగుతుంది.

పాటలు మూడూ మూడు రకాలు. మొదటిది కీబోర్డు ప్రోగ్రామింగుతో స్టూడియోలో చేసిన 98 బీపీఎం (నిమిషానికి 98 దెబ్బలు) పాట, నాలుగు లెక్కలది. రెండోది పాత కీర్తన. హార్మోనియం, డోలక్, టాంబరిన్‌లతో చర్చిలోనే ఒకే విడతలో రికార్డు చేశారు, వేగం నిలిపే మెట్రోనోమ్ క్లిక్ లేదు. మూడోది డప్పుల పాట, ఆరు లెక్కల నడక.

వచ్చిన ఫిర్యాదు

ఫిర్యాదు ఒకటి కాదు, ఒకదానికొకటి పొసగనివి నాలుగు. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు లైట్లు పాట వెనకాల పడుతున్నాయన్నారు. కాలువ అవతలి గట్టు మీదివాళ్ళకు అదే సాయంత్రం బాగానే ఉంది. మొదటి పాటలో చివరికి వచ్చేసరికి, పాట పల్లవి అందుకోకముందే పల్లవి లైట్లు వచ్చేస్తున్నాయి. కీర్తన గురించి డోలక్ వాయించే ఆయన చెప్పిన మాట మాత్రం అన్నింటికన్నా పనికొచ్చింది: "ఆయ్, ఒకసారి కలుస్తాదండి, మళ్ళీ పోద్దండి. మళ్ళీ కాసేపటికి కలుస్తాదండి."

అప్పటిదాకా యూత్ పిల్లలు చేసిన వైద్యం, సీక్వెన్సు మొత్తాన్ని రోజూ కాస్త ముందుకో వెనక్కో జరపడం. జరిపిన మనిషి ఆ రోజు ఎక్కడ నిలబడితే అక్కడికి సరిపోయేది. మర్నాడు ఇంకొకరు ఇంకోచోట నిలబడి మళ్ళీ జరిపేవారు.

తప్పుకు ఉన్న ఆకారం

ఇలాంటి కేసులో ముందు టైమింగ్ ట్రాక్ ముట్టుకోకూడదు. తప్పు ఏ ఆకారంలో ఉందో తేల్చాలి. పాట పొడవునా ఒకేలా ఉండే తేడా అయితే అది ధ్వని మార్గంలోని ఆలస్యం. పోనుపోను పెరిగే తేడా అయితే గీతల మధ్య దూరం తప్పు, లేదా ఫైలు తప్పు. వచ్చి పోతూ ఉండే తేడా అయితే లెక్క తప్పు, అంటే తాళం తప్పు. నిలబడే చోటును బట్టి మారితే అది గాలిలో ధ్వని ప్రయాణం. ఇక్కడ నాలుగూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అందుకే ఒక్క జరుపుడుతో ఏదీ కుదరలేదు.

విడదీయడానికి పాట కాకుండా ఒక పరీక్ష ఫైలు వాడాం. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రిథమ్ ట్రాక్ జనరేటరుతో 60 బీపీఎం క్లిక్, ఐదు నిమిషాలు. ప్రతి క్లిక్‌కూ ఒక ఆర్చీ మీద ఒక్క ఫ్రేము (సీక్వెన్సులో లైట్లు మారే అతిచిన్న మెట్టు, ఇక్కడ 50 మిల్లీసెకన్లు) తెల్ల ఫ్లాష్. 60 ఎందుకంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య సరిగ్గా 1,000 మిల్లీసెకన్లు. అది 50 మిల్లీసెకన్ల ఫ్రేములో శేషం లేకుండా ఇముడుతుంది కాబట్టి గుండ్రం చేయడం వల్ల వచ్చే తేడా పరీక్షలోకి దూరదు. ఫోను స్లోమోషన్‌ను సెకనుకు 240 ఫ్రేములకు పెట్టి, స్పీకరుకు మీటరు దూరంలో, ఆర్చీ కనబడేలా నిలబెట్టి తీయాలి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. ఫ్లాష్ కనిపించిన ఫ్రేము నుంచి క్లిక్ వినిపించే ఫ్రేము దాకా లెక్కపెడితే ఆలస్యం తెలిసిపోతుంది. ఫోను కెమెరాకూ మైకుకూ మధ్య కూడా కాస్త తేడా ఉంటుంది, అయితే వందల మిల్లీసెకన్ల రోగాన్ని పట్టుకోవడానికి అది అడ్డం కాదు.

దాదాపు 50 ఫ్రేములు వచ్చాయి, అంటే సుమారు 208 మిల్లీసెకన్లు ధ్వని వెనకబడుతోంది. మొదటి నిమిషంలోనూ ఐదో నిమిషంలోనూ అదే అంకె. ఈ రెండో సంగతి ముఖ్యం. ప్లేయరు, కంట్రోలరు జారడం లేదని తేలింది, కాబట్టి మొదటి పాటలో పెరిగే తేడా టైమింగ్ ట్రాకులోదే.

ధ్వని మార్గం

208 మిల్లీసెకన్లకు కారణం వెతకనక్కర్లేకుండానే దొరికింది. రాస్ప్‌బెర్రీ పై నుంచి ఆంప్లిఫయరుకు ధ్వని బ్లూటూత్ రిసీవరు ద్వారా వెళ్తోంది. ఫాల్కన్ ప్లేయర్‌లో పాటకూ సీక్వెన్సుకూ మధ్య తేడా పెట్టుకునే సెట్టింగు ఉంది. అందులో 208 పెట్టేస్తే పోలేదా అని అడిగారు. పోదు. బ్లూటూత్ మళ్ళీ కనెక్టయినప్పుడల్లా ఆలస్యం అదే ఉంటుందన్న హామీ లేదు. మారే అంకెను స్థిరమైన అంకెతో సరిదిద్దలేం. అందుకని బ్లూటూత్ తీసేసి యూఎస్‌బీ సౌండ్ కార్డు, అక్కడి నుంచి వైరు.

వైరు వేయగానే హమ్మింగ్ వచ్చింది. మామూలు 3.5 ఎంఎం నుంచి ఆర్‌సీఏ కేబులుతో 30 మీటర్లు లాగితే, పిక్సెళ్ళ పవర్ సప్లయిల ఎర్తుకూ ఆంప్లిఫయరు ఎర్తుకూ మధ్య లూపు ఏర్పడి ఆ గుంయ్‌మనే శబ్దం మొదలవుతుంది. సౌండ్ కార్డు పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (ధ్వని సిగ్నలును మైకు లైనుకు మార్చే పెట్టె) పెట్టి, ఎర్తును విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ నొక్కి, అక్కడి నుంచి మైకు కేబులుతో మిక్సరుకు తీసుకెళ్తే పోయింది. మళ్ళీ స్లోమోషన్ తీస్తే తేడా రెండు ఫ్రేములు దాటలేదు.

ఇక జనం నిలబడే చోటు. డెల్టాలో డిసెంబరు రాత్రి చల్లదనంలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది. గేటు మీది హారన్ల నుంచి అవతలి గట్టుకు 60 మీటర్లు, అంటే 174 మిల్లీసెకన్లు. పాత బ్లూటూత్ ఆలస్యం కలిపితే 382. గట్టు మీదివాళ్ళ కోసం ఎవరో సీక్వెన్సును 400 వెనక్కి జరిపారు. దాంతో గట్టు మీద కుదిరింది, గేటు దగ్గర లైట్లు దాదాపు 190 వెనకబడ్డాయి. మొదటి రెండు ఫిర్యాదులూ నిజమే అన్నమాట, ఇద్దరిదీ ఒకే కారణం.

అమెరికాలో ఇళ్ళ ముందు ఇలాంటి షోలు పెట్టేవాళ్ళు చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరుతో కారు రేడియోకు పాట పంపుతారు. దూరం సమస్యే ఉండదు. ఆ వీడియోలు చూసి యూత్ అదే అడిగారు. మన దగ్గర లైసెన్సు లేకుండా ఎఫ్ఎం ప్రసారం చట్టవిరుద్ధం, కాబట్టి ఆ దారి మూసేశాం. బదులుగా షో సమయంలో గేటు హారన్లు ఆపేసి, రెండు బాక్సులను స్టాండ్ల మీద జనానికి ఎదురుగా పెట్టాం. ఇప్పుడు జనం బాక్సులకు 8 నుంచి 25 మీటర్ల దూరంలో ఉంటారు, అంటే 23 నుంచి 72 మిల్లీసెకన్లు. హారన్లనూ బాక్సులనూ కలిపి మోగిస్తే గట్టు మీద రెండుసార్లు వినబడుతుంది, అది ఇంకా చెడ్డది. పక్క ఇళ్ళకు చప్పుడు తగ్గడం అదనపు లాభం. రాత్రి 10 తరవాత లౌడ్‌స్పీకరు కూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఎలాగూ ఉన్నాయి. షో తొమ్మిదిన్నరకే ముగుస్తుంది.

72 మిల్లీసెకన్లు ఎక్కువ కాదా అంటే, కాదు. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ఇచ్చిన బీటీ.1359 సిఫారసు ప్రకారం, బొమ్మ కన్నా ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే చూసేవాళ్ళకు తెలిసిపోతుంది, వెనకైతే 125 దాకా తెలియదు. దూరాన్నుంచి వచ్చే చప్పుడు ఆలస్యంగా వినబడటం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. చప్పుడు ముందు వినబడి వెలుగు తరవాత రావడం ఎక్కడా చూడం. అందుచేత ఈ కేసులో అన్ని గీతలకూ ఒకే నియమం పెట్టుకున్నాం: లైటు కాస్త ముందున్నా పరవాలేదు, వెనకబడకూడదు.

మొదటి పాట: దూరాన్ని కాదు, స్థానాన్ని గుండ్రం చేయాలి

98 బీపీఎం అంటే దెబ్బకు 612.245 మిల్లీసెకన్లు. సీక్వెన్సు 50 మిల్లీసెకన్ల ఫ్రేములతో తయారైంది. సమాన దూరాల మెట్రోనోమ్ ట్రాక్ పెట్టినప్పుడు 612 కాస్తా 600 అయి కూర్చుంది. దెబ్బకు 12.245 చొప్పున లైటు ముందుకు జారుతుంది. 50 దెబ్బలకు ఒక పూర్తి దెబ్బ. అప్పుడు గీత మళ్ళీ ఏదో ఒక దెబ్బ మీద పడుతుంది కనుక మధ్యలో చూసినవాడికి అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. నాలుగు నిమిషాలకు 392 దెబ్బలు, మొత్తం 4.8 సెకన్లు. పల్లవి లైట్లు ముందే రావడానికి కారణం ఇదే.

మందు చిన్నదే. గీతల మధ్య దూరాన్ని గుండ్రం చేయకుండా, ఒక్కో గీత అసలు స్థానాన్ని లెక్కగట్టి, దాన్ని గుండ్రం చేయాలి. స్ప్రెడ్‌షీటులో మొదటి దెబ్బ స్థానానికి, దెబ్బ సంఖ్యను 60తో గుణించి 98తో భాగించి కలపాలి. వచ్చినదాన్ని కింది 0.05కు దించాలి. దగ్గరి మెట్టుకు కాక కింది మెట్టుకే ఎందుకంటే పైన చెప్పిన నియమం. ఇలా చేస్తే ఏ గీతా 50 మిల్లీసెకన్లకు మించి ముందుండదు, తప్పు పోగుపడదు.

కీబోర్డు ఆయన 98 అన్నాడని నమ్మేయకూడదు. తరంగంలో మొదటి దెబ్బ, దానికి 392 దెబ్బల తరవాతది గుర్తుపెట్టి చూడాలి. మధ్యలో 240 సెకన్లు ఉంటేనే అది 98.

ఫైలు సంగతి కూడా ఇక్కడే. గీతలు స్టూడియో వేవ్ ఫైలు మీద పెట్టి, షోలో వాట్సాప్‌లో తిరిగిన ఎంపీ3 ఆడించడం ఈ జిల్లాల్లో సర్వసాధారణం. రెండింటికీ మొదట్లో ఉండే నిశ్శబ్దం ఒకటి కాదు. ఎంపీ3గా మార్చడంలోనే కొంత ఖాళీ చేరుతుంది. లేమ్ ఎన్‌కోడరుతో మామూలుగా ఎన్‌కోడరు, డీకోడరు కలిసి 1,105 శాంపిళ్ళు, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 25 మిల్లీసెకన్లు. వేరియబుల్ బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా మారుతూ ఉండే) ఫైలైతే, పాటలో ఎక్కడున్నామన్నది బిట్‌రేటును బట్టి అంచనా వేసే ప్లేయరు తడబడుతుంది. మూడు పాటలనూ స్థిర బిట్‌రేటు 192, 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చి, ఆ ఫైళ్ళ మీదే గీతలు పెట్టి, ఆ ఫైళ్ళనే ఆడించాం.

కీర్తన: ఏం చేసినా కుదరనిది

ఎక్స్‌లైట్స్‌లో ధ్వనిని విశ్లేషించే వ్యాంప్ ప్లగిన్లు వాడుకోవచ్చు. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీవాళ్ళ బార్ అండ్ బీట్ ట్రాకర్ వాటిలో ఒకటి, పాటలో దెబ్బలను తనే పట్టుకుని గీతలు పెడుతుంది; స్టూడియో పాటలకు బాగా పనిచేస్తుంది. పాత టైమింగ్ ట్రాక్ దానితోనే తీశారు. అందులో బారుకు (తాళం ఒక చుట్టుకు) ఎన్ని దెబ్బలన్న చోట ముందే 4 ఉంటుంది, ఎవరూ మార్చలేదు.

డోలక్ ఆయన చెప్పిన "కలుస్తాది, పోద్ది" ఎంతసేపటికోసారి అని గడియారం పెట్టి చూస్తే దాదాపు 14 సెకన్లు. అక్కడే గుట్టు ఉంది. ఈ కీర్తన ఏడు అక్షరాల తాళం, 3, 2, 2గా నడుస్తుంది. నోటితో అంటే తకిట తక ధిమి. అక్షరం పావు సెకను, ఏడు అక్షరాల ఒక చుట్టు, అంటే ఆవర్తం, 1.75 సెకన్లు. ట్రాకరు అర సెకనును దెబ్బగా పట్టుకుంది, అంటే రెండక్షరాలకు ఒక గీత. అలా వేస్తే మొదటి ఆవర్తంలో గీతలు 1, 3, 5, 7 అక్షరాల మీద పడతాయి. రెండో ఆవర్తంలో 2, 4, 6 మీద. పాట బరువు ఉండేది 1, 4, 6 మీద. కాబట్టి ఒక ఆవర్తంలో సమం, అంటే మొదటి దెబ్బ, ఒక్కటే కలుస్తుంది, మిగతా రెండు దెబ్బలూ తప్పుతాయి. తరవాతి ఆవర్తంలో ఆ రెండూ కలిసి సమం తప్పుతుంది. ఇక పెద్ద తెల్ల ఫ్లాష్ బారు మొదట్లో, ఎనిమిది అక్షరాలకోసారి. ఏడూ ఎనిమిదీ కలిసేది 56 అక్షరాలకు, అంటే సరిగ్గా 14 సెకన్లకు.

బారుకు దెబ్బలు 7 అని మారిస్తే? ఏడు దెబ్బలంటే 14 అక్షరాలు, రెండు ఆవర్తాలు. కాగితం మీద సరిపోవాలి. సగం సరిపోయింది కూడా. అయితే ఆ ఏడింటిలో ఏది మొదటిదో ట్రాకరుకు తెలియదు. చరణం చివర డోలక్ ఆగి మళ్ళీ అందుకున్న ప్రతిచోటా అది వేరే దెబ్బను సమంగా పట్టుకుంది. దానికి తోడు పాడేవాళ్ళకు ఊపు వచ్చేకొద్దీ కాలం పెరిగింది: మొదట్లో ఆవర్తం 1.82 సెకన్లు, చివర్లో 1.66.

స్వరం మొదలైన ప్రతిచోటా గీత పెట్టే నోట్ ఆన్‌సెట్ డిటెక్టరుతో గీతలు కుప్పలుగా వచ్చాయి. టాంబరిన్ గలగల, హార్మోనియం మెట్లు, పాడేవాళ్ళ క, ట, ప అన్నీ దానికి దెబ్బలే. 150 హెర్ట్జ్ పైన కోసేసి డోలక్ గుబగుబ మాత్రం ఉంచి మళ్ళీ తీస్తే చాలా శుభ్రపడింది. అయినా ఏది సమం అన్న ప్రశ్న అలాగే ఉంది. డెముక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వాద్యాలను విడదీసి కూడా చూశాం. డోలక్ ఎడమవైపు దెబ్బ డ్రమ్స్ భాగంలోకి కాక బేస్ భాగంలోకి వెళ్ళింది. పాశ్చాత్య డ్రమ్ కిట్టు అలవాటున్న పనిముట్టు దగ్గర అంతకన్నా ఆశించలేం. ఆ బేస్ భాగం మాత్రం తరవాత అక్కరకొచ్చింది.

తాళం పేరు దొరికింది క్వయరులో అందరికన్నా పెద్దావిడ దగ్గర. "పాట మీద రాగం, తాళం రాసే ఉంటాయి బాబూ, ఎవరూ చూడరు గానీ," అని కీర్తనల పుస్తకం తెరిచి చూపించారు. పాట పైన చిన్న అక్షరాల్లో త్రిపుట అని ఉంది. 3, 2, 2. పాత తెలుగు కీర్తనలకు ఇలా రాగతాళాలు అచ్చువేయడం మామూలే. అది ఆధారమే తప్ప తీర్పు కాదు. అదే కీర్తనను చాలాచోట్ల ఇప్పుడు కీబోర్డు రిథమ్‌కు లొంగదీసి నాలుగు లెక్కల్లో పాడేస్తున్నారు. రికార్డింగు విని చేత్తో వేసి చూసుకున్నాకే నమ్మాలి.

పనిచేసింది

చివరికి పనిచేసింది చేత్తో తాళం వేయించడం. అది కూడా ప్రతి దెబ్బకూ కాదు, సమానికి మాత్రమే. రికార్డింగులో డోలక్ వాయించిన ఆయన్నే కూర్చోబెట్టాం. ఆడాసిటీలో పాట ఆడుతుండగా కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే ఆ క్షణం దగ్గర లేబులు పడుతుంది. ఆవర్తానికి ఒక నొక్కుడు అంటే ఎవరికైనా తీరిక ఉంటుంది. అన్ని దెబ్బలూ నొక్కమంటే వేళ్ళు తడబడి, ఒకటి పోతే తరవాతివన్నీ పోతాయి. వైరు హెడ్‌ఫోన్ తప్పనిసరి, ఇక్కడ కూడా బ్లూటూత్ పనికిరాదు.

తెలిసిన దెబ్బకు తాళం వేసే మనిషి చెయ్యి సాధారణంగా దెబ్బకన్నా రవంత ముందే పడుతుంది. కంప్యూటరు ఆలస్యం దాన్ని వెనక్కి లాగుతుంది. మిగిలే తేడా ఎటున్నా ఒకేలా ఉంటే చాలు. సుమారు 140 సమాలు పడ్డాక, బేస్ భాగం తరంగాన్ని దగ్గరగా చూసి, నొక్కుకు 80 మిల్లీసెకన్లలోపు డోలక్ దెబ్బ మొదలు ఉంటే లేబులును దాని మీదికి జరిపాం. అంతకన్నా దూరముంటే నొక్కినచోటే ఉంచేశాం. డోలక్ ఆగిన చోట్ల అంతకన్నా మంచి ఆధారం లేదు.

తరవాత లేబుళ్ళను టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసి స్ప్రెడ్‌షీటులో తెరిచాం. ఫైల్లో వరుసకు మొదలు, ట్యాబ్, చివర, ట్యాబ్, పేరు. ఒక ఆవర్తం ఇలా ఉంది: సమం 38.412 దగ్గర, తరవాతి సమం 40.228 దగ్గర, మధ్య 1.816. నాలుగో అక్షరం మూడు ఏడో వంతుల దగ్గర, 39.190. ఆరోది ఐదు ఏడో వంతుల దగ్గర, 39.709. వీటిని 25 మిల్లీసెకన్ల కింది మెట్టుకు దించితే 38.400, 39.175, 39.700. ఒక లేబులు చివర తరవాతి దాని మొదలు ఒకటే అయ్యేలా చూసి, మళ్ళీ టెక్స్ట్‌గా దాచి ఎక్స్‌లైట్స్‌లోకి దిగుమతి చేసుకున్నాం. ప్రతి ఆవర్తాన్నీ దానికదే విభజించాం కనుక కాలం పెరిగినా గీతలు దానితోపాటే పెరిగాయి. సమభాగాలు ఎంతవరకు నిజమో అక్కడక్కడ డోలక్ దెబ్బతో సరిచూస్తే తేడా 30 మిల్లీసెకన్లలోపే.

సమానికి స్టారు, చెట్లు. నాలుగో అక్షరానికి ఆర్చీలు. ఆరో అక్షరానికి ముఖద్వారం అంచు. ఇంతే. మొదట్లో తాళం లేని సాకీ 38 సెకన్లు ఉంది. దానికి దెబ్బల గీతలే పెట్టలేదు. పదం ఎత్తుకున్నచోటా, ఊపిరి తీసుకున్నచోటా మాత్రమే గీత, స్టారు ఒక్కటే నెమ్మదిగా వెలిగి ఆరడం. తాళం లేనిచోట ట్రాకరు ఇచ్చే గీతలను తీసేయడానికి చాలామందికి చేయి రాదు, ఖాళీగా ఉందని భయం. ఉండనివ్వండి.

ఫ్రేమును 50 నుంచి 25కు దించింది ముఖాల కోసం. డబ్ల్యూఎస్2811 ఒక్కో పిక్సెలుకు 30 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 25 మిల్లీసెకన్లలో కంట్రోలరులోని ఒక పోర్టు మీద సిద్ధాంతంగా 800 దాకా పడతాయి. మేం పోర్టుకు 400 దాటనివ్వలేదు.

పాడే ముఖాలు, తెలుగు అక్షరాలు

ఎక్స్‌లైట్స్ సాహిత్యాన్ని వాక్యాలుగా, పదాలుగా, నోటి ఆకారాలుగా విడగొడుతుంది. ఆకారాలు పది: ఏఐ, ఈ, ఓ, యూ, డబ్ల్యూక్యూ, ఎల్, ఎఫ్‌వీ, ఎంబీపీ, ఈటీసీ, రెస్ట్. పదాన్ని ఆకారాలుగా విడగొట్టేది ఇంగ్లిషు నిఘంటువును చూసి. తెలుగు పదాన్ని ఇంగ్లిషు లిపిలో రాసిచ్చినా అది అందులో ఉండదు. చేత్తో చేయాల్సిందే, కానీ ఇంగ్లిషు కన్నా తేలిక. తెలుగు అక్షరం దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది, నోరు ఆ అచ్చు మీదే నిలబడుతుంది.

మేం వాడిన పట్టిక: అ, ఆ, ఐలకు ఏఐ; ఇ, ఈ, ఎ, ఏలకు ఈ; ఒ, ఓలకు ఓ; ఉ, ఊలకు యూ. ప, ఫ, బ, భ, మలకు ఎంబీపీ, వకు ఎఫ్‌వీ, ల, ళలకు ఎల్. మిగతా హల్లులను నెమ్మది చోట్ల ఈటీసీగా పెట్టి, వేగంగా నడిచేచోట వదిలేశాం. సున్న తరవాత ప వర్గం వస్తే నోరు మూత, లేకపోతే ఈటీసీ. హల్లుకు ఒకటి రెండు ఫ్రేములు, మిగిలిన కాలమంతా అచ్చుకు. శుభము అంటే యూ, ఎంబీపీ, ఏఐ, ఎంబీపీ, యూ. దూరం నుంచి చూసేవాడికి కనిపించేది పెదవులు మూతపడటం ఒక్కటే, కాబట్టి ఎంబీపీ మాత్రం ఎక్కడా వదలకూడదు.

చరణం చివర అచ్చును ఆవర్తమంతా సాగదీసినప్పుడు నోరు తెరిచే ఉంచాలి. తరవాతి పాదానికి ముందు 150 నుంచి 200 మిల్లీసెకన్ల రెస్ట్ పెట్టకపోతే ముఖం పాడుతున్నట్టు కాక కిళ్ళీ నములుతున్నట్టు ఉంటుంది.

మూడో పాటకు పెద్దగా పని పడలేదు. డప్పుల పాటను ట్రాకరు రెట్టింపు వేగంలో పట్టుకుంది. ఒకటి విడిచి ఒకటి గీత తీసేస్తే కుదిరింది.

తేలినవి

పరీక్ష ఫైలు ఇప్పుడు ప్లేలిస్టులోనే ఉంది. రోజూ షోకు ముందు అరనిమిషం ఆడించి స్లోమోషన్ తీస్తారు. నాలుగు ఫ్రేములు దాటితే వైరింగు చూడాలి తప్ప సీక్వెన్సు జరపకూడదని అయ్యగారు కంట్రోలరు పెట్టె మీద కాగితం అంటించారు. మంచుకు తడిసి కనెక్టర్లు పచ్చబడి, ఒక చెట్టు మధ్యలో ఆరిపోయిన రోజు కూడా మొదట సీక్వెన్సునే అనుమానించారు కాబట్టి ఆ కాగితం అవసరమే.

ఈ కేసులో ఖర్చు అయ్యింది సౌండ్ కార్డు, డీఐ బాక్సు, కేబులు, రెండు స్టాండ్లు. సమయం అత్యధికంగా తీసుకున్నది ముఖాలు, సమాలు కాదు. సమాలు నొక్కడం పాట నిడివితో పోయింది, వాటిని డోలక్ దెబ్బల మీదికి జరపడానికి ఒక సాయంత్రం చాలింది. ట్రాకరుతో కుస్తీ పట్టిన సమయం సమాలకు పట్టినదానికి చాలా రెట్లు. తాళం వాయించిన మనిషి అందుబాటులో ఉన్నప్పుడు ముందు ఆయన్నే అడగాలి. ట్రాకరును క్లిక్ మీద రికార్డు చేసిన పాటలకు ఉంచుకోవాలి.

వచ్చే ఏడాది క్వయరు కీర్తనను మళ్ళీ రికార్డు చేయాలనుకుంటోంది. అందుకని స్టారుకూ చెట్లకూ గీతల ట్రాకును చూసి వెలిగే వీయూ మీటర్ ఎఫెక్టు వేశాం. కొత్త రికార్డింగు వస్తే సమాలు మళ్ళీ నొక్కి, అదే పేరుతో ట్రాక్ మారిస్తే అవి వాటంతటవే సర్దుకుంటాయి. ఆర్చీలు, ముఖద్వారం, ముఖాలు చేత్తో వేసినవి. వాటిని మళ్ళీ వేయాలి. కాలం 1.7 దగ్గర నిలిచేలా డోలక్ ఆయన చెవిలో క్లిక్ పెట్టి పాడించమని అడిగాం. ఆయన మాత్రం, క్లిక్ పెడితే పాట బిగుసుకుపోద్దండి, వద్దంటున్నాడు.